నీళ్లలో రెండో కడియం

వుకాదిన్ స్మెదెరెవోలో బస్సు దిగేసరికి పట్టపగలే వీధి దీపాలు వెలుగుతున్నాయి. దునావ్ నది మీదినుంచి పొగమంచు లేచి ఊరిని మింగి కూర్చుంది. ఎదురుగా ఉండాల్సిన కోట లేదు. బురుజులు లేవు. కాకులు మాత్రం పైన ఎక్కడో, గోడ ఉండాల్సిన ఎత్తులో, అరుస్తున్నాయి.

భుజాన సంచి. సంచిలో గుర్రపు సంకెల. నడిచినప్పుడల్లా గలగలమంటోంది. కొండమీద అతని గుర్రం చచ్చి చాలా కాలమైంది. ముందరికాళ్లకు వేసే ఇనుప సంకెల మాత్రం పాకలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. రెండు కడియాలు, మధ్య మూరెడు గొలుసు, ఒక తాళంచెవి. దాన్ని తెమ్మని మరదలి మొగుడు ఫోనులో చెప్పాడు.

"చచ్చిపోయిన మనిషి ఇంటి ఇనుమే కావాలంట. పట్టుకు రా. నిన్ను బతిమాలుతున్నాననుకో. అనుకోకపోతే నీ ఖర్మ."

పోయిన భార్య స్తామెన్కాది ఈ ఊరే. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఈ ఊరి మాట ఎత్తని రోజు లేదు. అతను ఈ ఊళ్లో కాలు పెట్టిన రోజూ లేదు. ద్రాక్షకోతల కాలం వచ్చినప్పుడల్లా అడిగేది, "ఒక్కసారి నదిని చూసొద్దామయ్యా" అని. "గడ్డి ఎవడు కోస్తాడు, మీ నాన్నా?" అనేవాడు. ఆమె బుట్ట తీసుకుని పనికి పోయేది. పోయిన ఏడు ఆకులు రాలే రోజుల్లో పోయింది. ఈ శనివారానికి ఏడాది.

స్తామెన్కా, ఆమె చెల్లెలు దేసాంకా వేరు వేరు ఏళ్లలో పుట్టారు, కానీ ఒకే నెలలో పుట్టారు. అలాంటి తోబుట్టువుల్లో ఒకరు పోతే, బతికున్నవాళ్ల కాలు పోయినవాళ్ల కాలితో కట్టుబడి ఉంటుంది. ఆ సంగతి ఆ దేశంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందుకే మట్టి వెయ్యకముందే సంకెల తెచ్చి, ఒక కడియం శవం కాలికీ ఒకటి బతికున్న కాలికీ వేస్తారు. ఎవరో ఒకరు ముందుకొచ్చి, దేవుడి పేరు చెప్పి, తాళం తీసి విడిపిస్తారు. విడిపించినవాడు ఆ క్షణం నుంచి పోయినవాళ్ల స్థానంలో తోబుట్టువు. విడిపించకుండా పూడిస్తే, పోయినవాళ్లు ఏడాది తిరిగేలోగా రెండోవాళ్లనూ లాక్కుపోతారు.

స్తామెన్కాకు చివరి స్నానం చేయించిన ముసలమ్మలు అడగనే అడిగారు. "దీని నెలలో పుట్టినవాళ్లు ఎవరన్నా ఉన్నారా నాయనా?"

"ఎవరూ లేరు" అన్నాడు వుకాదిన్.

కబురు కూడా పంపలేదు. ఎందుకు పంపాలి? అంతకు ముందు అత్తగారు పోయినప్పుడు దేసాంకా అక్కకు కబురు పంపిందా? తల్లి చచ్చిపోయిందన్న సంగతి స్తామెన్కా సంతలో ఉల్లిపాయలమ్మేవాడి నోట విన్నది, సమాధి మీద గడ్డి మొలిచాక. ఆ రోజు ఇంటికొచ్చి, చేతిలో బుట్ట కింద పెట్టకుండా, పొయ్యి ముందు నిలబడిపోయింది. బుట్టలో ఉల్లికాడలు వాడిపోయేదాకా నిలబడింది. ఆ బుట్టను అతను మరిచిపోలేదు. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు దేసాంకా పోయేటట్టుంది. ఎముక బాగుంది, నరం బాగుంది అని డాక్టర్లు అంటున్నారు. కాలు మాత్రం రోజురోజుకూ బరువెక్కుతోంది, చల్లబడుతోంది. శనివారం దాటితే ఇక చేసేదేం లేదు. శవం పక్కన 'ఎవరూ లేరు' అన్న నోరే ఇప్పుడు 'ఉంది' అనాలి. ఇంకెవరు తీసినా ఆ తాళం తీసినట్టు కాదు.

తీస్తానని వుకాదిన్ మాటివ్వలేదు. చూడటానికి వచ్చాడు. అంతే.

"ముప్పై ఏళ్లకి దారి దొరికిందన్నమాట!"

మంచులోంచి ముందు గొంతు వచ్చింది, తర్వాత టోపీ, ఆ తర్వాత మనిషి. పొట్టిగా, బలంగా ఉన్నాడు. తిహోమిర్, దేసాంకా మొగుడు. ఇసుక పడవల మీద బతుకంతా గడిపినవాడు. తోడల్లుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

"మా కొండమీద దార్లు పైకే పోతాయి" అన్నాడు వుకాదిన్. "కిందికి దిగాలంటే పనుండాలి."

"పనుందిగా మరి. తెచ్చావా?"

వుకాదిన్ సంచి కదిపాడు. గలగలమంది. తిహోమిర్ నవ్వబోయి మధ్యలో ఆపేశాడు.

"ఇటివ్వు అన్నయ్యా, నేను మోస్తా."

"నేను నీకు అన్నయ్యను కాను."

"పెద్దల్లుడివి. అన్నయ్యా అనక పోస్టుమేనూ అనాలా? పద, చలికి నా నోట్లో మాటలన్నీ గడ్డకడుతున్నాయి."

కోట గోడ పక్కనుంచే నడిచారు. గోడ కనిపించదు. పక్కన ఏదో పెద్ద జంతువు పడుకున్నట్టు చలి మాత్రం తగులుతుంది. తిహోమిర్ ఊరుకోలేని మనిషి. "ఈ కోట కట్టేప్పుడు యెరీనా దొరసాని ఊళ్లో గుడ్లన్నీ సున్నంలో పోయించిందంట. అప్పట్నించీ మా కోళ్లకి మనుషులంటే నమ్మకం లేదు." వుకాదిన్ నవ్వలేదు.

'కోట రాళ్లకి చెమట పడుతుందయ్యా' అనేది స్తామెన్కా. 'ఎండాకాలం కూడా. చెయ్యి పెడితే మనిషి ఒళ్లు లాగే ఉంటుంది.'

వుకాదిన్ చెయ్యి చాపి రాయిని ముట్టుకున్నాడు. తడిగా ఉంది. గోరువెచ్చగా కూడా ఉంది. చటుక్కున చెయ్యి తీసి కోటుకు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా మంచులోంచి బయటికొచ్చి నిలబడ్డాయి. వంగిపోయి కర్ర ఆసరాతో ఉన్న మల్బరీ చెట్టు. బీటవారిన గొంతుతో మోగే చర్చి గంట. చేపలమ్మే అరుగు కింద ఎప్పుడూ పోట్లాడుకునే పిల్లులు, అవి కాకపోతే వాటి మనవలు. ఒక్కటీ అబద్ధం కాలేదు. దానికే అతనికి ఒళ్లు మండింది. సగమైనా కల్పించి చెబుతోందని అనుకునేవాడు.

"మెట్టు చూసుకో" అన్నాడు తిహోమిర్ ఇంటి ముందు. "విరిగింది."

"తెలుసు" అన్నాడు వుకాదిన్, విరిగిన మెట్టు దాటి కాలు పెడుతూ. ఎలా తెలుసని తిహోమిర్ అడగలేదు.

*

దేసాంకా పొయ్యి పక్కన కుర్చీలో ఉంది. అక్క దవడ ఎముకలే. నోరు మాత్రం వేరు. అక్క నోరు మూసుకుని బతికింది, ఈమె నోరు తెరుచుకుని బతికిందని చూడగానే తెలుస్తుంది.

"వచ్చావా బావా. అక్క ఉత్తరాల్లో చెప్పినంత పొడుగేం లేవే."

"మీ అక్క అన్నీ ఎక్కువే చెప్పేది."

"నీ గురించి మాత్రం తక్కువే చెప్పింది. అందుకే నిన్ను ఇంట్లోకి రానిచ్చా."

గోడవారగా బల్లమీద ఒక ముసలావిడ నల్ల తలగుడ్డతో కూర్చుని బఠాణీలు నములుతోంది. యెగ్దా. ఊళ్లో పుట్టినవాళ్లకు, పోయినవాళ్లకు చెయ్యాల్సినవన్నీ ఆమెకే తెలుసు. పిలిచినా వస్తుంది, పిలవకపోయినా వస్తుంది.

తిహోమిర్ పళ్లెం తెచ్చాడు. చిన్న గిన్నెలో చెర్రీపండ్ల పాకం, ఒక చెంచా, గ్లాసు నీళ్లు. గడపలోకి వచ్చినవాడు ముందు తీపి తిని, తర్వాత నీళ్లు తాగుతాడు. అప్పుడు చుట్టం. వుకాదిన్ గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు. చెంచా ముట్టలేదు.

గదిలో అందరూ చూశారు. తిహోమిర్ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. యెగ్దా బఠాణీ కొరికింది.

"నీళ్లు దిగాయిగా. చాలు. పగోడికి నీళ్లు కూడా దిగవు."

"ఊరుకో అవ్వా" అంది దేసాంకా. "పొయ్యిలో కట్టె పెట్టాలి." కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. తిహోమిర్ సాయానికి వస్తే మోచేత్తో తోసింది. కట్టెల బుట్ట దాకా నడిచింది.

కుడికాలు మెత్తని ఇంటి చెప్పుతో చప్పుడు లేకుండా పడింది. ఎడమకాలు అలా పడలేదు. మడమ ముందు నేలను కొట్టింది. టక్. తర్వాత పాదం ఈడ్చుకుంటూ వచ్చింది. స్స్‌స్.

వుకాదిన్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఆ అడుగు అతనికి తెలుసు. పెళ్లయిన కొత్తలో స్తామెన్కా గడ్డివాము నిచ్చెన మీదినుంచి పడింది. చీలమండ వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచీ తెల్లవారకముందే ఆమె పాలు పితకడానికి లేచినప్పుడు మంచం చుట్టూ అదే చప్పుడు. టక్. స్స్‌స్. అతను కళ్లు మూసుకునే వినేవాడు. ఏడాదిగా అదే వేళకు మెలకువ వస్తోంది. వినడానికి ఏమీ ఉండదు. ఎలుకలు కూడా ఉండవు, ఆమె పోయాక అవి తినడానికి ఇంట్లో ఏమీ లేదు.

దేసాంకా ఏనాడూ ఏ నిచ్చెన మీదినుంచీ పడలేదు.

"కిందికి చూడు బావా" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

చెక్క నేలమీద ఆమె నడిచినచోట తడి అడుగులున్నాయి. ఒక్క కాలివే. ఎడమ పాదం, చెప్పు లేని పాదం, అయిదు వేళ్లూ తెలుస్తున్నాయి. దేసాంకా పాదం కింద కాదు, జానెడు పక్కన.

"నీళ్లలో ఉంది అది. మోకాళ్ల దాకా" అంది దేసాంకా. "చలేస్తోంది దానికి. నాకూ వేస్తోంది."

"కొండమీద పూడ్చాను. పొడి నేల. పార దిగలేదు" అన్నాడు వుకాదిన్. "నీళ్లెక్కడివి?"

"బతికినన్నాళ్లూ నది, నది అంది కదా. నువ్వు తేలేదు. అదే వచ్చింది."

యెగ్దా ఒళ్లో పొట్టు దులుపుకుని లేచింది. "ఇప్పుడు నేను అడుగుతా, నువ్వు సూటిగా చెప్పు కొండోడా. పొద్దు గుంకక ముందు రేవులో కడియాలేస్తా. తీస్తావా?"

"తీస్తే స్తామెన్కా ఏమవుతుంది?"

"పోతుంది."

"ఎక్కడికి?"

"ఆగు, వెళ్లి చూసొచ్చి చెప్తా. పోతుందయ్యా! ఇంక తిరిగి రాదు. ఆ అడుగు ఇంక వినపడదు."

"తియ్యకపోతే?"

తిహోమిర్ పళ్లెం బల్లమీద పెట్టాడు. చెంచా గిన్నెకు తగిలి మోగింది. యెగ్దా అతని వైపు చూడకుండా చెప్పింది.

"తియ్యకపోతే శనివారం దాకా వినపడుతుంది. ఆ తర్వాత ఆ అడుగూ ఉండదు, ఈమె అడుగూ ఉండదు."

వుకాదిన్ నేలమీది తడి పాదం గుర్తు ఆరిపోతూ ఉంటే చూస్తున్నాడు. ముందు వేళ్లు ఆరాయి. మడమ చివరిదాకా ఉంది.

*

కొవ్వొత్తులూ, పోయినవాళ్ల పేరున పెట్టే, చక్కెర కలిపి ఉడికించిన గోధుమలూ తేవడానికి ముసలావిడ బయల్దేరింది. తిహోమిర్ తోడు వెళ్లాలి. వెళ్లేముందు వుకాదిన్‌ను పెరట్లోకి లాక్కుపోయాడు. తడి వలలు ఆరేసిన తాళ్ల మధ్య నిలబెట్టాడు.

"అన్నయ్యా, చెప్తా విను. అది వండితే ఉప్పెక్కువ. నోరు తెరిస్తే కారమెక్కువ. నేను పడవ మీద నెలల తరబడి ఉండిపోయింది పనికోసమే అనుకుంటున్నావా? దాని నోటికి భయపడి." నవ్వాడు. నవ్వు సగంలో విరిగింది. టోపీ తీసి దాంతో మొహం తుడుచుకున్నాడు. "అయినా నాకదే కావాలి. ఇంకొకతి వద్దు. దాన్ని నాకు ఉంచు."

"నాకూ ఒకతి ఉండేది" అన్నాడు వుకాదిన్.

తిహోమిర్ టోపీ మళ్లీ తలమీద పెట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లాక ఇల్లు చప్పబడింది. కిటికీ బయట తెల్లగా ఉంది, ఇంకేమీ లేదు. దేసాంకా కుర్చీలో తల వాల్చి కళ్లు మూసుకుంది. రగ్గు కింద ఎడమ పాదం నేలను తాకుతోంది. దాని పక్కన చెక్కమీద తడి మెల్లగా ఊరి, గుండ్రంగా పాకుతోంది.

వుకాదిన్ బల్లమీద కూర్చుని ఆ తడినే చూశాడు. భార్యతో మాట్లాడటం అతనికి బతికున్నప్పుడే అలవాటు లేదు. పని మాటలు తప్ప. కాబట్టి పని మాటే అడిగాడు. "మిరప విత్తనం ఎక్కడ పెట్టావే?"

ఈ వసంతంలో అతను మిరప వెయ్యలేదు. విత్తనం స్తామెన్కా ఈ ఊరినుంచి తెచ్చుకున్నది. తల్లి ఇచ్చినది. ఏటా దాచి ఏటా వేసేది. ఆమె పోయాక ఇల్లంతా వెతికాడు. పిండి డబ్బాలు, దిండు గలీబులు, దేవుడి పటం వెనక. దొరకలేదు. మడి ఖాళీగా పడుంది.

రగ్గు కింద మడమ లేచింది. నేలను తాకింది. టక్.

దేసాంకా కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. గొంతు ఆమెదే. మాట పోకడ ఆమెది కాదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్నట్టు, పని చేసుకుంటూ పక్కగదిలోంచి చెప్పినట్టుంది.

"చర్చికి వేసుకెళ్లే చెప్పుల్లో. ఎడమదాన్లో. ఎలకలు ముట్టవని."

వుకాదిన్ తన పాదాలు బల్ల కిందికి లాక్కున్నాడు.

పోయిన రోజు ముసలమ్మలు స్తామెన్కాకు చర్చి చెప్పులు తొడుగుతుంటే ఎడమ చెప్పులోంచి ఒక గుడ్డమూట రాలింది. 'ఏందిది?' అన్నారు. 'చెత్త' అని అతనే తీసి పొయ్యిలో పడేశాడు. మూట పటపటమని పేలింది. ఇల్లంతా ఘాటు పొగ. అందరూ దగ్గారు. అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. వుకాదిన్ ఏడ్చాడని ఊరంతా చెప్పుకున్నారు. అంత మొండివాడూ ఏడ్చాడని. అతను కాదనలేదు. అవి మిరప విత్తనాలని ఆ రోజు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

ముందుకు వంగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇంటికొస్తావా?"

తడి కదల్లేదు. మడమ లేవలేదు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. ఇంకోసారి అడుగుదామనుకున్నాడు. అడగడం చేతకాలేదు.

దేసాంకా కళ్లు తెరిచి అతన్ని చూసింది. "దాంతో మాట్లాడావా?"

"లేదు."

"నా నాలిక మీద మిరపకారంలా మండుతోంది. లేదంటాడు."

వుకాదిన్ విరిగిన కట్టెను పొయ్యి లోపలికి తోసి అడిగాడు. "మీ అమ్మ పోతే ఎందుకు చెప్పలేదు?"

"కోపం" అంది దేసాంకా వెంటనే, ఆ ప్రశ్నకోసమే ఏడాదిగా కూర్చున్నట్టు. "అమ్మని ఎత్తి, దించి, కడిగింది నేను. ఏడవడానికి మాత్రం అది రావాలా? రెండు చుక్కలు రాల్చి 'అయ్యో నా తల్లీ' అంటే ఊరంతా దాన్నే చూడాలా? అందుకని చెప్పలేదు. క్షమించమని అడగను."

"అడిగినా క్షమించను."

"సరే. నువ్వు దాన్ని మా నుంచి దాచావు. నేనూ నిన్ను క్షమించను. మరి తాళం తీస్తావా?"

వుకాదిన్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బయట మంచులో ఏమీ కనబడలేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

*

కోట గోడకు నదివైపు ఒక పాత ద్వారం ఉంది. అక్కడినుంచి రాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. ఎన్ని మెట్లు నీళ్ల కింద ఉన్నాయో ఎవరూ చూడలేదు. తిహోమిర్ భార్యను చంటిపిల్లలా ఎత్తుకుని తెచ్చాడు. "బరువు తగ్గావే" అన్నాడు. "నీ నడుం విరక్కూడదని తగ్గాన్లే" అంది. నీళ్లకు ఆనుకున్న మెట్టుమీద కూర్చోబెట్టాడు. యెగ్దా కొవ్వొత్తి వెలిగించింది. మంచులో దాని వెలుగు అరచేయంత మేరే పాకి ఆగిపోయింది.

ముసలావిడ సంకెల తీసి ఒక కడియం దేసాంకా ఎడమ చీలమండకు వేసి బిగించింది. రెండోదాన్ని ఖాళీగానే మూసి, తాళం వేసి, నీళ్లలోకి జారవిడిచింది. తాళంచెవి వుకాదిన్ చేతిలో పెట్టింది.

ఇనుము మునిగింది. గొలుసు నిట్టనిలువుగా వేలాడాలి. వేలాడలేదు. మెల్లగా పక్కకు తిరిగి, ఏటవాలుగా, నది లోపలివైపు సాగి బిగుసుకుంది. అక్కడ నీటికి వడి లేదు. ఆకు ఒకటి పడి, పడినచోటే ఉంది.

తిహోమిర్ దేసాంకాను చంకల కింద గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి ఎగతాళి మాట ఒక్కటీ రాలేదు.

"పిలువు" అంది యెగ్దా.

"దేవుడి తోడు" అంది దేసాంకా, "నన్ను విడిపించు. నాకు అన్నవు కా."

వుకాదిన్ కదల్లేదు. గొలుసు లాగింది. దేసాంకా మడమ మెట్టు అంచుదాకా జారింది.

"దేవుడి తోడు, నన్ను విడిపించు. నాకు అన్నవు కా."

అతను వింటున్నాడు. నీళ్ల కింద, కనబడని మెట్టుమీద, ఎవరో నడుస్తున్నారు. టక్. స్స్‌స్. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. పాల తపేలా కోసం వెతుక్కుంటున్నట్టు. మాట్లాడకపోతే శనివారం దాకా ఇది వినవచ్చు. ఇక్కడే, ఈ మెట్లమీదే కూర్చుని వినవచ్చు.

దేసాంకా కాలు నీళ్లలోకి దిగింది. పళ్లు బిగించి అతనివైపు చూసింది. "ఓరి కొండోడా! తీస్తే తియ్యి, లేకపోతే పోనీ! కాలు ఊడిపోతోంది నాకు!"

"సరిగ్గా పిలవ్వే, మూడోసారి!" అని ముసలావిడ అరిచింది.

"దేవుడి తోడు" అంది దేసాంకా. "అన్నా."

వుకాదిన్ మోకాళ్లమీద కూలబడి నీళ్లలో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తిప్పాడు. "ఉంది" అన్నాడు. "దీని నెలలో పుట్టినదొకతి ఉంది. ఆమె నా చెల్లెలు. బతికినవాళ్లు బతికినవాళ్లతో, పోయినవాళ్లు పోయినవాళ్లతో." ఒక్క ఊపిరిలో అన్నాడు. కడియం తెరుచుకుంది. దేసాంకా వెనక్కి తిహోమిర్ మీద పడింది, వాళ్లిద్దరూ మెట్లమీద పడ్డారు.

కడియం మాత్రం వుకాదిన్ చేతిలోనే ఉంది.

"వదిలెయ్!" అని అరిచింది యెగ్దా. "నీళ్లలోకి వదిలెయ్ దరిద్రుడా!"

అతను ఎడమ కాలి మేజోడు కిందికి లాగి, కడియం తన చీలమండకు వేసి నొక్కాడు. టక్కుమంది. తాళంచెవిని మంచులోకి విసిరాడు. దూరంగా నీళ్లు గుటకేసిన చప్పుడు.

మెట్టుమీద కూర్చుని కాలు నీళ్లలోకి చాపాడు. "లాగు" అన్నాడు. "నది నది అన్నావుగా. వచ్చాను. లాగు."

గొలుసు బిగువుగానే ఉంది. అవతలి బరువు అతనికి తెలిసింది. చలికాలం నిద్రలో ఆమె దుప్పటి తనవైపు లాక్కునేటప్పుడు ఉండే బరువు. అంతే. అతను కళ్లు మూసుకున్నాడు.

గొలుసు వదులైంది.

మెట్టుమీద జారి గలగలమని పడింది. వుకాదిన్ దాన్ని చేత్తో లాగాడు. ఏ బరువూ లేకుండా వచ్చింది. రెండో కడియం నీళ్లలోంచి బయటపడింది. యెగ్దా వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

"అమ్మో" అన్నాడు తిహోమిర్. "అటు చూడండి."

పొడి మెట్లమీద తడి అడుగులు పడుతున్నాయి. వుకాదిన్ మోకాలి పక్కనుంచి, అతన్ని తాకకుండా, పైకి. ఈసారి రెండు పాదాలూ ఉన్నాయి. కుడిది నిండుగా, ఎడమది ఈడ్చిన గీతతో. యెగ్దా పక్కకు తప్పుకుని దారిచ్చింది, చేత్తో సిలువ గుర్తు వేసుకుంది. అడుగులు ఆగలేదు. కొవ్వొత్తి దగ్గర వంకర తిరిగి ద్వారంలోంచి ఊళ్లోకి పోతున్నాయి. దారి తెలిసిన మనిషి నడకది. ఎవరినీ అడగక్కర్లేని మనిషిది.

వుకాదిన్ లేచాడు. గొలుసు కాళ్లకు అడ్డంపడి బోర్లా పడ్డాడు. మోచేతులమీద లేచి అరిచాడు.

"స్తామెన్కా!"

ముప్పై ఏళ్లలో ఆమెను పేరు పెట్టి పిలవలేదు. కొండమీద మొగవాళ్లు పెళ్లాన్ని 'ఇదిగో' అంటారు. కోట గోడ ఆ పేరును తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు. మంచులో చప్పుడు మాత్రం కొంతసేపు వినిపించింది. టక్. స్స్‌స్. మల్బరీ చెట్టు వైపు. ఆ తర్వాత చేపల అరుగు వైపు. ఒక పిల్లి బుస్సుమంది. తర్వాత అదీ లేదు.

*

పెరట్లో వలల పక్కన ముక్కాలిపీట మీద అతని కాలు పెట్టించి తిహోమిర్ ఆకురాయితో కడియాన్ని అరగదీస్తున్నాడు.

"మంచి ఇనుము అన్నయ్యా. మీ కొండోళ్ల బుర్రల్లాగే. ఎంత గీకినా పొడి రాలుద్ది గానీ తెగదు."

వుకాదిన్ చెవులు ఇంట్లో ఉన్నాయి. లోపల దేసాంకా నడుస్తోంది. పొయ్యి దగ్గరికి, అల్మారా దగ్గరికి, తలుపు దగ్గరికి. రెండు మెత్తని చెప్పులు. ఒకదానిలాగే ఇంకోటి. వాటి పక్కన ఏ చప్పుడూ లేదు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. లేదు.

ఆమె విరిగిన మెట్టు దాటి పెరట్లోకి వచ్చింది. చేతిలో అదే పళ్లెం. చెర్రీ పాకం, చెంచా, నీళ్లు.

"తిను అన్నా."

అతను ఆ పిలుపు విని తలెత్తాడు. దేసాంకా మొహంలో ప్రేమ లేదు. బాకీ కూడా లేదు. చెంచా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. నీళ్లు తాగాడు.

"మీ అమ్మ మిరప విత్తనం ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"ఊఁ."

"అడుగుతున్నావా, ఉందో లేదో తెలుసుకుంటున్నావా?"

వుకాదిన్ గ్లాసు పళ్లెంలో పెట్టాడు. దేసాంకా కాసేపు చూసి, పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఆకురాయి కిర్రుమంది. కడియం రెండుగా విడిపోయి మట్టిలో పడింది. చీలమండ చుట్టూ ఎర్రగా వాత తేలింది.

సాయంత్రం బస్సుకు ఒక్కడే నడిచాడు. సంకెల తీసుకుపోలేదు. మంచు కొంచెం విచ్చింది. కోట గోడ కనిపిస్తోంది, చాలా పొడుగ్గా, నది వెంట. వీధిలో రాళ్లు ఆరిపోయాయి. ప్రతి గడప ముందూ ఆగి కిందికి చూశాడు. ఏ గడప ముందూ తడి లేదు.

బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. శనివారం కొండమీద ముసలమ్మలు గోధుమలూ కొవ్వొత్తులూ తీసుకుని సమాధి దగ్గరికి వస్తారు. స్తామెన్కా అని పేరు పెట్టి పిలుస్తారు. మట్టికి చెవి ఆనించి వింటారు. ఏమైనా వినపడిందా నాయనా అని అతన్ని అడుగుతారు.

ఎవరూ లేరు అని చెప్పాలి. ఈసారి అది అబద్ధం కాదు.